వ్యతిరేక పదాలతో ఇంగ్లీషు మాటలు పెంచుకోవడం ఎలా?

పర్లాకిమిడిలో మా వీధి పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా తడుముకోకుండా మాట్లాడతారు. ఇంగ్లీషు మాటలను మాత్రం రోజుకు ఇరవై చొప్పున బట్టీపట్టి, వారం తిరిగేసరికి రెండు మిగుల్చుకుంటారు. అంత అవస్థ అక్కరలేదు. వచ్చిన మాటకే ఎదురుమాట నేర్చుకోండి.

ముందు ఒక నోటుపుస్తకంలో మీకు బాగా వచ్చిన విశేషణాలు ఇరవై రాయండి: హ్యాపీ, క్లీన్, కంప్లీట్, పాసిబుల్, లీగల్, రెగ్యులర్... పక్క గడిలో వాటి వ్యతిరేకాలు నింపండి. అన్నింటికీ ‘అన్’ తగిలిస్తే సరిపోదు. అన్‌క్లీన్ అనే మాట ఉన్నా నలుగురూ అనేది డర్టీ అనే.

ఏ మాటకు ఏది తగిలించాలో కొంతవరకు నోరే చెబుతుంది. జగత్, నాథుడు కలిస్తే జగన్నాథుడు. ఉత్, లాసం కలిస్తే ఉల్లాసం. లాటిన్ నుంచి వచ్చిన ‘ఇన్’ కూడా అంతే, పక్క అక్షరానికి లొంగుతుంది. ప, బ, మ ముందు ఇమ్ అవుతుంది: ఇంపాసిబుల్, ఇమ్మెచ్యూర్. ల ముందు ఇల్లీగల్, ర ముందు ఇర్రెగ్యులర్. మిగతా చాలా చోట్ల ఇన్‌కంప్లీట్‌లో లాగా ఇన్‌గానే ఉంటుంది. పాత ఇంగ్లీషు సొత్తయిన ‘అన్’ మాత్రం ఎక్కడా మారదు: అన్‌హ్యాపీ, అన్‌రియల్, అన్‌లక్కీ. అది క్రియకు తగిలితే ‘కాదు’ అని కాదు, చేసిన పనిని విప్పడమని అర్థం. అన్‌లాక్ అంటే వేసిన తాళం తీయడం.

తరువాత ప్రతి మాటకూ ఒక వాక్యం రాయండి. అది మీ బతుకులోదై ఉండాలి. గిడుగు రామమూర్తి పంతులు ఈ ఊళ్లోనే ఉండి సవర భాష నేర్చుకున్నారు, అదీ సవరలు మాట్లాడుతుంటే విని. నా సంగతే చూడండి. ఒకసారి ఒక కార్యాలయంలో నా దరఖాస్తు తిరిగి వచ్చింది. తండ్రి పేరు గడి ఖాళీ. పైన ఎర్ర సిరాతో ‘ఇన్‌కంప్లీట్’. ‘మై ఫారం వాజ్ ఇన్‌కంప్లీట్’ అనే వాక్యం నాకు ఆ రోజు నుంచి కంఠతా. గుణుపురం బండి టికెట్టు మీది ‘అన్‌రిజర్వ్‌డ్’, కరెంటు బిల్లు కట్టనప్పటి ‘అన్‌పెయిడ్’ కూడా ఇలాగే రాసుకోండి.

మోసం చేసే మాటలకు వేరే పేజీ పెట్టండి. పెట్రోలు ట్యాంకరు మీది ఇన్‌ఫ్లేమబుల్ అంటే మండనిది కాదు, ఇట్టే అంటుకునేది. అందులోని ఇన్ ‘మండించు’ అనే లాటిన్ క్రియలో భాగం. ఇన్‌వాల్యుబుల్ అంటే వెలకట్టలేనంత విలువైనది. హార్డ్‌లీ, సెల్డమ్‌లలో ‘నాట్’ కనిపించదు గాని వ్యతిరేకం లోపలే ఉంది. ‘హీ హార్డ్‌లీ స్పీక్స్’ అంటే అతను మాట్లాడడమే అరుదు.

చివరగా మనవాళ్లందరూ జారిపడే చోటు. ‘ఎవరూ రాలేదు’లో వ్యతిరేకమంతా క్రియలోనే ఉంది. ఇంగ్లీషులో అది ‘నోబడీ’లో ఉంది కాబట్టి క్రియను ముట్టుకోకూడదు: ‘నోబడీ కేమ్’. వ్యతిరేక ప్రశ్నకు జవాబు ఇంకా చిక్కు. ‘తేలేదా?’ అంటే మనం ‘అవును, తేలేదు’ అని అడిగిన మాటను ఒప్పుకుంటాం. ఇంగ్లీషులో తెస్తే యెస్, తేకపోతే నో. ప్రశ్న ఎలా అడిగినా ఇంతే. మా మేనకోడలిని ఒక ఇంటర్వ్యూలో ‘డిడ్‌న్ట్ యూ బ్రింగ్ ద సర్టిఫికెట్?’ అని అడిగారు. తేలేదు కాబట్టి ‘యెస్ సర్’ అంది. ఆయన చేయి చాపి కూర్చున్నారు.