పాత అంబాసిడర్, పద్మిని కార్లలో లోపలి మిర్రర్ విప్పడం, మళ్లీ బిగించడం

మిర్రర్ మసకబారిందని మొత్తం పీకేసి, యాక్సెసరీస్ షాపులో దొరికే క్లిప్పు మిర్రర్ తగిలించకండి. పాత అంబాసిడర్, పద్మిని కార్లలో ఎక్కువగా చెడిపోయేది అద్దం ముక్క ఒక్కటే. అంచుల్లోంచి తేమ దూరి వెనక పూత నల్లబడుతుంది, అంతే. మిర్రర్‌ని బండికి పట్టి ఉంచే కాడ, అద్దం చుట్టూ ఉండే ఫ్రేమ్ బాగుంటే వాటిని ఉంచుకుని అద్దం మార్చుకోండి, ఎందుకంటే అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది, పద్మిని అంతకంటే చాలా ముందే ఆగింది, ఒరిజినల్ ఫ్రేమ్ ఒకసారి పోతే మళ్లీ దొరకడం కష్టం.

మన అనంతపురం ఎండలో మధ్యాహ్నం ఈ పని పెట్టుకోవద్దు. పొద్దున్నే నీడలో బండి పెట్టి, డ్యాష్‌బోర్డు మీద పాత దుప్పటి పరవండి. మిర్రర్ పక్కనే లైటు వైరు ఉంటే బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి.

కాడ పైకప్పు అంచుకి స్క్రూలతో ఉంటే పని సులువే, కానీ తొందరపడితే స్క్రూ తల అరిగిపోతుంది. గాడిలో పూర్తిగా కూర్చునే స్క్రూడ్రైవర్ తీసుకుని, పిడి మీద సుత్తితో చిన్నగా రెండు దెబ్బలు వేసి, ముందు కొంచెం బిగించే వైపు తిప్పి ఆ తర్వాత విప్పండి. తుప్పు పట్టి కదలకపోతే తుప్పు వదిలించే ఆయిల్ వాడొచ్చు, కానీ స్ప్రే కొట్టొద్దు, టాప్ క్లాత్‌కి (పైకప్పు లోపలి గుడ్డకి) మరక పడితే జన్మలో పోదు. ఇయర్ బడ్‌తో ఒక్కో చుక్క అద్ది అరగంట ఆగండి. కొన్ని బండ్లలో సన్ వైజర్ కూడా ఇదే స్క్రూలకి ఉంటుంది, చివరి స్క్రూ తీసేటప్పుడు దాన్ని ఒక చేత్తో పట్టుకోండి.

మిర్రర్ ముందు గ్లాసుకే అంటించి ఉంటే దాన్ని పట్టుకుని మెలితిప్పొద్దు. పాత బండ్లలో టఫెన్డ్ గ్లాసు ఉండొచ్చు, అది పగిలితే ఒక్కసారిగా ముక్కలు ముక్కలైపోతుంది. బయట వైపు టేపు ముక్కతో చోటు గుర్తు పెట్టుకుని, కాడకున్న చిన్న స్క్రూ వదులు చేసి, కాడని బటన్ (గ్లాసుకి అంటించి ఉండే చిన్న బిళ్ల) నుంచి జార్చండి. బటన్ కూడా ఊడి రావాలంటే హెయిర్ డ్రయ్యర్‌తో మెల్లగా వేడి చేసి, దాని వెనక చేపల గాలానికి కట్టే సన్న దారం పెట్టి అటూ ఇటూ రంపంలా లాగండి.

ఇక అద్దం. పాత ముక్క మీద అడ్డంగా టేపు అంటించి, చేతికి గ్లౌజులు వేసుకుని తీయండి. ప్లాస్టిక్ ఫ్రేమ్ అయితే వేడినీళ్లలో కాసేపు ఉంచితే మెత్తబడుతుంది. కాగితం మీద పాత అద్దం ఆకారం గీసుకుని గ్లాసు కోసే షాపుకి తీసుకెళ్లి, అదే మందంలో చదును అద్దం కోయించి అంచులు అరగదీయించండి. ఉబ్బెత్తు అద్దం వద్దే వద్దు, వెనక వచ్చే లారీ ఉన్నదానికంటే దూరంగా కనిపిస్తుంది, హైవే మీద అది ప్రమాదం. అద్దం వెనక గట్టి టేపు అంటించండి, యాక్సిడెంట్‌లో పగిలినా ముక్కలు మొహం మీదకి రావు. అంచులకి నెయిల్ పాలిష్ పూస్తే తేమ దూరదు. అద్దం ఫ్రేమ్‌లో అంటించడానికి సిలికాన్ జిగురు వాడితే న్యూట్రల్ రకమే అడగండి, వెనిగర్ వాసన వచ్చేది పూతని తినేస్తుంది.

ఫ్రేమే విరిగిపోయి ఉంటే గుజిరీ షాపుల్లో అడిగి చూడండి, ఇక్కడ లేకపోతే బెంగళూరు శివాజీనగర్, జేసీ రోడ్ వైపు వెళ్లాల్సిందే. పాత ముక్క చేత్తో పట్టుకెళ్లండి, ఫోటో చూపించి అడిగితే వేరే మోడల్‌ది అంటగడతారు.

బిగించేటప్పుడు స్క్రూ రంధ్రం వదులైందని పొడుగు స్క్రూ దించొద్దు, పైరేకుకి తగిలి బయటికి ఉబ్బుతుంది. అదే పొడవులో కాస్త లావుది వేయండి. గ్లాసుకి అంటించేదైతే పాత జిగురు బ్లేడుతో గీకి, స్పిరిట్‌తో తుడిచి, మిర్రర్ బటన్ కోసమే అమ్మే జిగురు వాడండి, ఫెవిక్విక్ మన ఎండకి నిలవదు. ఒక రాత్రంతా ఆరాకే మిర్రర్ తగిలించండి.

చివరగా మామూలుగా నడిపేటప్పుడు ఎలా కూర్చుంటారో అలా కూర్చుని, వెనక గ్లాసు మొత్తం కనిపించేలా సర్దుకుని, గతుకుల రోడ్డు మీద ఒక రౌండ్ కొట్టండి. అద్దం వణుకుతుంటే కాడ దగ్గర గుండు కీలు వదులుగా ఉన్నట్టు, దాని స్క్రూ పావు చుట్టు బిగించండి, స్క్రూ లేకపోతే సైకిల్ ట్యూబ్ ముక్క సన్నగా కోసి కీలులో పెట్టండి.