అలిపిరి మెట్ల దగ్గర స్పానిష్‌లో ‘ఎక్కండి’ అనడం ఎలా

తిరుపతిలో యాత్రికులకు దారి చూపేవారు స్పానిష్ నేర్చుకోదలిస్తే, మొదట పట్టు సాధించవలసినది విధ్యర్థక రూపం, అంటే ‘రండి’, ‘ఎక్కండి’ అని ఒకరిని ఒక పని చేయమనే క్రియారూపం. ఆంగ్లంలో ‘కమ్’ అన్న ఒక్క మాట పసివాడికీ పెద్దాయనకూ సరిపోతుంది కనుక, ఆంగ్లం మీదుగా స్పానిష్ నేర్చుకునేవారు ఇక్కడే తడబడతారు. ‘రా’కూ ‘రండి’కీ ఉన్న తేడా పుట్టుకతోనే తెలిసిన మనం తెలుగు మీదుగా వెళ్లడమే మేలు.

స్పానిష్ క్రియలు ఆర్, ఏర్, ఈర్ అనే మూడు అంత్యాలలో ఏదో ఒకదానితో ముగుస్తాయి. కమినార్ అంటే నడవడం, బెబేర్ అంటే తాగడం, సుబీర్ అంటే ఎక్కడం. ‘నువ్వు’ అనదగిన వారితో మాట్లాడేటప్పుడు ఆర్ తీసి ‘అ’ చేర్చాలి, ఏర్, ఈర్ తీసి ‘ఎ’ చేర్చాలి: కమీన (నడువు), బేబె (తాగు), సూబె (ఎక్కు). ఈర్ ఉన్నది కదా అని ‘సూబి’ అనకూడదు. ఇక్కడ దీర్ఘం రాసిన చోట ఊని పలకాలి.

‘మీరు’కు వచ్చేసరికి ఈ అచ్చులు తారుమారవుతాయి: కమీనె, బేబ, సూబ. అంటే 3,550 మెట్ల అలిపిరి దారి మొదట్లో ఒక పెద్దావిడతో ‘సూబ’ అనబోయి ‘సూబె’ అంటే, ‘ఎక్కు’ అని ఏకవచనంలో పిలిచినట్లే. స్పానిష్‌లో ‘మీరు’కు గౌరవవాచకమైన ఉస్తేద్ అన్న మాట ‘తమ దయ’ అనే అర్థమున్న పాత సంబోధన నుండి పుట్టింది. మన ‘తమరు’ లాంటిదే. అందుకే కొత్తవారి విషయంలో ముందు ఈ రూపాన్నే అలవాటు చేసుకోవాలని నా గట్టి అభిప్రాయం.

అయితే మన ‘మీరు’ ఒకరికీ పదిమందికీ చెల్లుతుంది, స్పానిష్‌లో చెల్లదు. బృందంతో మాట్లాడితే గౌరవరూపానికి ‘న్’ చేర్చాలి: కమీనెన్, బేబన్, సూబన్. లాటిన్ అమెరికా వారికి, చనువున్నా లేకున్నా, బహువచనంలో ఇదే చాలు. స్పెయిన్‌లో మాత్రం చనువున్న పదిమందితో చివరి ‘ర్’ను ‘ద్’గా మార్చి కమినాద్, బెబేద్, సుబీద్ అంటారు.

‘దాన్ని’, ‘వాటిని’ వంటి సర్వనామాలు ఈ రూపాలకు వెనుక అతుక్కుంటాయి. దెహార్ అంటే విడిచిపెట్టడం; చెప్పులు చూపిస్తూ ‘వాటిని ఇక్కడ విడవండి’ అనాలంటే ‘దేహెలోస్ అకీ’ అనాలి, మాట పొడవైనా ఊనిక మాత్రం మొదటి ‘దే’ మీదనే నిలవాలి.