అరుదైన ఇంటిపేరు, ఇంగ్లీషు వాక్యం – 6వ పాఠం: చివర చేరే ఎస్

ఇంటిపేర్ల నుంచి పుట్టిన విశేషణాలు ఈసారి చెప్పాలనుకున్నాను. మీ సాధనలు దిద్దాక వాటిని వాయిదా వేశాను. 'ఎ మిస్టర్ చైల్డ్స్' అంటే 'చైల్డ్స్ అట, ఎవరో నాకు తెలియదు' అని అర్థమన్న సంగతి అందరికీ పట్టుబడింది. ఆయన కుటుంబమంతా వచ్చిందని రాయమన్నచోటే చాలామంది తడబడ్డారు. బహువచనం చెప్పకుండా ఆ వాక్యం ఇవ్వడం నా పొరపాటు.

కుటుంబం గురించి చెప్పేటప్పుడు పేరుకు ముందు 'ద', చివర ఎస్. మనం 'కందుకూరి వారు' అన్నట్టే. అక్కడ కందుకూరిలో ఒక్క అక్షరం కూడా మారదు కదా, ఇక్కడా అంతే. కెనెడీలో వై అలాగే ఉండి, పక్కన ఎస్ చేరుతుంది. 1917లో హోగార్త్ ప్రెస్ అనే ప్రచురణ సంస్థ పెట్టిన లెనార్డ్ వుల్ఫ్, వర్జీనియా వుల్ఫ్ దంపతులు 'ద వుల్ఫ్స్'. తోడేళ్ల బహువచనంలా వారిని 'వుల్వ్స్' చేయకూడదు. 1980 నుంచి 1983 దాకా బ్రిటన్ లేబర్ పార్టీని నడిపిన మైకేల్ ఫుట్ ఇంటివాళ్లు 'ద ఫుట్స్', 'ఫీట్' కాదు.

స్మిత్ లాంటి పేరును మీరు కాస్త చెడగొట్టినా చదివేవారు సర్దుకుంటారు. అరుదైన పేరును వాళ్లు మొదటిసారి చూసేది మీ వాక్యంలోనే. అక్కడ అక్షరం మారితే అసలు పేరేమిటో వాళ్లకు ఇక తెలియదు.

పేరు స్, జ్, చ్, ష్ ధ్వనితో ముగిస్తే ఇ, ఎస్ చేరతాయి. ఇప్పుడు చైల్డ్, చైల్డ్స్ అనే రెండు పేర్లు తీసుకోండి. వంటల రచయిత్రి జూలియా చైల్డ్, ఆమె భర్త పాల్ 'ద చైల్డ్స్'. నర్తకి లూసిండా చైల్డ్స్ ఇంటివాళ్లు 'ద చైల్డ్సెస్'. 'ద చైల్డ్స్' అని చూడగానే ఇంగ్లీషు తెలిసినవారు ఇంటిపేరు చైల్డ్ అనే అనుకుంటారు. పోయినసారి మీలో చాలామంది ఒక కుటుంబానికి ఇంకో ఇంటిపేరు పెట్టింది ఇలాగే.

ఇక నన్ను నిజంగా బాధపెట్టేది, బహువచనంలో అపాస్ట్రఫీ (’). ఎస్ కనిపిస్తే చాలు, దాని ముందు ఆ గుర్తు పెట్టేస్తున్నారు. అది 'యొక్క' అని చెప్పే గుర్తు, 'వారు' అని చెప్పదు. తండ్రి జాన్ నెవిల్ కెయిన్స్, కొడుకు జాన్ మేనార్డ్ కెయిన్స్, ఇద్దరూ అర్థశాస్త్రవేత్తలే. ఇద్దరినీ కలిపి 'ద కెయిన్సెస్' అంటాం: పేరు తర్వాత ఇ, ఎస్, అంతే. కొడుకు సిద్ధాంతం అనాలంటే పేరు, అపాస్ట్రఫీ, ఎస్. ఇంటివాళ్లందరి ఇల్లు అనాలంటే ముందు ఇ, ఎస్ చేర్చి ఆ తర్వాతే అపాస్ట్రఫీ. చెవికి మూడూ 'కెయిన్సెస్' అనే వినిపిస్తాయి. అందుకే విన్నది విన్నట్టు రాస్తే తప్పు దొర్లుతుంది. ముందు 'వారు' అనాలా, 'యొక్క' అనాలా, 'వారి' అనాలా అని తెలుగులో తేల్చుకోండి, గుర్తు సంగతి తర్వాత. ఎస్‌తో ముగిసే పేరు తర్వాత అపాస్ట్రఫీ ఒక్కటే పెట్టి వదిలేసేవారూ ఉన్నారు, అదీ చెల్లుతుంది. నేను మాత్రం ఎస్ కూడా రాస్తాను, పలికేది రాతలో కనిపించాలి.

అనుమానం వస్తే నేను 'ద చైల్డ్స్ ఫ్యామిలీ' అని రాసేస్తాను. పేరు చెక్కుచెదరదు.

సాధనలో మాత్రం ఫ్యామిలీ అనే మాట వాడకండి. చైల్డ్, చైల్డ్స్ కుటుంబాలు పక్కపక్క ఇళ్లలో ఉన్నాయి. ఒకరి గొడుగు ఇంకొకరి ఇంట్లో దొరికింది. పది వాక్యాల్లో ఆ కథ రాయండి. గొడుగు ఎవరిదో, ఎవరింట్లో దొరికిందో ఏ వాక్యంలోనూ అనుమానం రాకూడదు.