స్కాట్ చేప నల్లబడి మూల చేరితే ముందు ఉప్పు కొలవండి

నిన్నటిదాకా గాజుకు మూతి ఆనించి మేత కోసం ఎదురుచూసిన స్కాట్ చేప (కాస్త ఉప్పు నీటి తొట్టిలో పెంచే చుక్కల చేప) ఇవాళ ఒళ్లు నల్లబడి, రెక్కలు ముడుచుకుని ఫిల్టరు వెనక నిలబడిపోతుంది. కొన్నిసార్లు రెక్కల మీద పంచదార పలుకుల్లాంటి తెల్ల మచ్చలు కూడా కనిపిస్తాయి. వెంటనే అందరూ మందు కోసం పరుగెడతారు. దయచేసి ఆగండి. ముందు నీటిలో ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటరు తీయండి. రొయ్యల చెరువులున్న ఏ ఊళ్లోనైనా అది దొరుకుతుంది. బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ చుక్కతో సున్నా సరిచూసుకుని, తర్వాత తొట్టి నీరు వేయండి. 10 నుంచి 15 పీపీటీ (అంటే వెయ్యి పాళ్ల నీటిలో అన్ని పాళ్ల ఉప్పు) ఉంటే పెరిగిన స్కాట్‌కు హాయి.

గోదావరి డెల్టాలో మనల్ని ముంచేది నది పాయ నీరు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక దాకా వెళ్లిన వరద తగ్గుముఖం పట్టాక, అంతర్వేది వైపు పాయలో పది క్యాన్లు నింపుకున్నాను. పోటు చూసుకునే వెళ్లాను. నాలుక మీద వేసుకుంటే ఉప్పగానే ఉంది. వంద లీటర్ల తొట్టిలో సగం మార్చాను. మూడో రోజుకు చేపలు నల్లబడ్డాయి. జబ్బే అనుకుని మందు మొదలుపెట్టి, ప్రతి మోతాదుకు ముందు సగం నీరు ఆ క్యాన్లతోనే మార్చాను. ఐదింటిలో మూడు పోయాక కొలిస్తే క్యాన్లలో 3 పీపీటీ, తొట్టిలో 4. అంతకుముందు 12 ఉండేది. వైద్యం పేరుతో రోజురోజుకూ ఉప్పు లాగేసింది నేనే.

వరద నీరు తేలిక, ఉప్పు నీటి మీద తేలుతుంది. పోటులో సముద్రం అడుగు నుంచి లోపలికి వస్తున్నా పైపొర చప్పగానే ఉంటుంది. మనం క్యాను ముంచేది ఆ పైపొరలోనే. 3 పీపీటీ కూడా నాలుకకు ఉప్పే కాబట్టి రుచిని నమ్మవద్దు. మంచినీటి తెల్లమచ్చ పరాన్నజీవి 10 పీపీటీలో బతకలేదు. అది కనిపించిందంటే ఉప్పు పడిపోయిందనే అర్థం.

సరిచేయడంలోనూ తొందరపడకూడదు. ఒక్కసారిగా ఉప్పు పెంచితే ఫిల్టరులోని మంచి బాక్టీరియా దెబ్బతిని, చేపల వ్యర్థాల నుంచి వచ్చే విషం అమ్మోనియా పెరుగుతుంది. రోజుకు 2 పీపీటీ చాలు. అంటే వంద లీటర్లకు సుమారు 200 గ్రాముల అక్వేరియం సముద్రపు ఉప్పు. దాన్ని ముందురోజే బకెట్లో కలిపి గాలి పట్టించండి. వంట ఉప్పులో కాల్షియం, మెగ్నీషియం చాలవు కాబట్టి అది వద్దు. ఆవిరై తగ్గిన నీటికి బదులు క్లోరిన్ లేని మంచినీరే పోయండి. రోజూ అమ్మోనియా కొలుస్తూ మేత తగ్గించండి.

ఉప్పు సరిగ్గా ఉండి అమ్మోనియా సున్నా అయితే అప్పుడు తోటి చేపల కాట్లు, పేగు పురుగులు వెతకండి. 15 పీపీటీ దాటిన తొట్టిలో వచ్చే తెల్ల మచ్చలు సముద్రపు రకం పరాన్నజీవివి కావచ్చు, దాని వైద్యం వేరు.

నలుపు విరిగి ఒంటి మీది చుక్కలు మళ్లీ విడివిడిగా కనిపించాక, మొదటి రోజు ఒక్క చిటికెడు మేతే వేయండి.