సంక్రాంతి రంగులకు ముందు: పాత పెయింటు గోకించేటప్పుడు జాగ్రత్తలు

పర్లాకిమిడి, బరంపురం, రాయగడ ప్రాంతాల పాత ఇళ్లలో తలుపులకు, కిటికీలకు మళ్లీ రంగులు వేయించబోయేవారు ముందుగా ఇవి చూసుకోవాలి.

పని ముగిసి ఇల్లు కడిగేదాకా పిల్లలను, గర్భిణులను వేరే ఇంట ఉంచండి. పాత పెయింటులో సీసం ఉండవచ్చు, దానివల్ల పసి మెదడుకు కలిగే నష్టం తిరిగి పూడదు.

పొడి ఉప్పుకాగితం వద్దు, వాటర్ పేపర్‌తో తడుపుతూ రుద్దించండి. పొడిగా రుద్దితే లేచే ధూళితో ఒంట్లో చేరిన సీసం నరాల కొనల్లోకి కాల్షియం వెళ్లే దారులను అడ్డగిస్తుంది కనుక, కండరానికి సంకేతం అందించే అసిటైల్‌కోలిన్ తగినంత విడుదల కాదు. సీసం ఎక్కువగా చేరిన పనివారిలో నరాలే దెబ్బతిని, మణికట్టు పైకి లేవక చెయ్యి వేలాడిపోవడం వైద్యులకు చాలాకాలంగా తెలిసిన లక్షణం. కాబట్టి రంగులవారికి మంచి మాస్కు ఇవ్వడం మన బాధ్యతే.

మంటతో కాల్చి పెయింటు ఊడదీయనివ్వకండి, సీసపు పొగ నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

చీపురు ధూళిని లేపుతుంది, తడిగుడ్డతో తుడవండి.

కొత్త డబ్బాపై సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) మించలేదన్న మాట చూసి కొనండి. 2017 నవంబరు నుంచి ఇళ్ల రంగులకు అదే పరిమితి.