అనంతపురంలో ఇల్లు అమ్మి బెంగళూరు చేరేదాకా: ముందు అద్దిల్లు, తర్వాత రిజిస్ట్రేషన్, సొంతిల్లు ఆఖరున

అనంతపురం నుంచి బెంగళూరుకు మారిపోతున్నవాళ్ళు అందరూ అడిగేది ఒకటే, ఇల్లు అమ్మి వెళ్ళాలా, వెళ్ళాక అమ్మాలా అని. నా మాట ఇది. ముందు అక్కడ అద్దెకు ఒక ఇల్లు చూసుకోండి, ఆ తర్వాత ఇక్కడ రిజిస్ట్రేషన్ పెట్టుకోండి, అక్కడ సొంతిల్లు కొనే ఆలోచన మాత్రం అన్నిటికన్నా ఆఖరున పెట్టుకోండి. ఈ మూడూ ఒకే నెలలో జరిగిపోవాలని కూర్చుంటే ఇక్కడ తక్కువకు అమ్ముతారు, అక్కడ ఎక్కువకు కొంటారు. ఇంట్లో అందరికీ టెన్షన్ అదనం.

దూరం చూస్తే 200 కిలోమీటర్లు దాటి కొంచెం, కొడికొండ చెక్‌పోస్టు దాటితే కర్ణాటకే కదా, పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి ఇంట్లో ఉండొచ్చు అనిపిస్తుంది. నిజమే, కానీ రాష్ట్రం మారుతోంది. పిల్లల చదువు, బండి, గ్యాస్, ఓటు అన్నీ మారాలి, మీరు అమ్మే ఇంటి కాగితాలు మాత్రం ఇక్కడి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఇక్కడి పద్ధతిలోనే తేలాలి. అందుకే కాగితాల పని ఊళ్ళో ఉండగానే ముగించేయండి.

కాగితాలు ముందు

బ్రోకర్‌కి చెప్పకముందే ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే పత్రం, తీయించండి. 1983 నుంచి జరిగిన లావాదేవీలు రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లోనే దొరుకుతాయి, అంతకు ముందువి కావాలంటే ఆఫీసుకు వెళ్ళాలి. ఈసీలో ఎక్కువమందికి ఎదురయ్యేది పాత హోమ్‌లోన్. లోన్ ఎప్పుడో తీరిపోయి ఉంటుంది, బాకీ లేదని బ్యాంకు ఇచ్చిన ఎన్‌ఓసీ కూడా బీరువాలో ఉంటుంది, కానీ లోన్ తీసుకున్నప్పుడు బ్యాంకు పేరున రిజిస్టర్ చేసిన తాకట్టు పత్రాన్ని రద్దు చేయించి ఉండరు, ఈసీలో అది అలాగే కూర్చుని ఉంటుంది. కొనేవాళ్ళ లాయర్ మొదట పట్టుకునేది దీన్నే. బ్యాంకు వాళ్ళతో రిలీజ్ రాయించి రిజిస్టర్ చేయించాలి. ఇప్పుడు లోన్ తీరుస్తున్నవాళ్ళకైతే రిజర్వ్ బ్యాంకు రూలు అండగా ఉంది, మొత్తం కట్టేసిన 30 రోజుల్లో ఒరిజినల్స్ తిరిగి ఇచ్చేయాలి. బ్యాంకు తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున మీకే కట్టాలి. 2023 డిసెంబర్ నుంచి ఇది అమల్లో ఉంది, బ్యాంకులో నెమ్మదిగా మాట్లాడుతుంటే ఈ రూలు గుర్తు చేయండి.

ఇంకొకటి చెక్కుబందీ, అంటే ఇంటికి నాలుగు దిక్కులా ఉన్న హద్దులు. పాత దస్తావేజు బయటకు తీసి ఒక్కసారి ఇంటి ముందు నిలబడి చదవండి. తూర్పు రస్తా, పడమర ఖాళీ స్థలం, ఉత్తరం ఫలానావారి ఇల్లు అని రాసి ఉంటుంది. ముప్పై ఏళ్ళ కిందట ఖాళీ స్థలం అన్నచోట ఇప్పుడు రెండంతస్తుల ఇల్లు లేచి ఉంటుంది, ఉత్తరం ఇల్లు మూడు చేతులు మారి ఉంటుంది. దానివల్ల ఇల్లు మీది కాకుండా పోదు, కానీ కొత్త దస్తావేజులో ఇప్పటి హద్దులు, పాత హద్దులు రెండూ కలిపి రాయించకపోతే బ్యాంకు లోన్‌తో కొనేవాళ్ళు ఆగిపోతారు. కొలతలు కూడా టేపు పెట్టి చూసుకోండి. మన దగ్గర అందరూ మూడు సెంట్లు, నాలుగు సెంట్లు అని నోటి లెక్కే చెప్తారు, సెంటుకు 48.4 గజాలు, రెండు మూడు గజాల తేడా వచ్చినా రిజిస్ట్రేషన్ రోజున గొడవ అక్కడే మొదలవుతుంది.

తాతల నాటి ఇల్లయితే ఆడపడుచుల సంతకాల సంగతి దాచిపెట్టొద్దు. మన రాష్ట్రంలో ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకు సమాన హక్కు 1986లోనే చట్టం అయింది, 2005లో దేశమంతటికీ వచ్చింది. పెళ్ళైపోయింది, కట్నం ఇచ్చాం, ఇక ఆమెకేం సంబంధం అనే మాట లాయర్ దగ్గర నిలవదు. అక్కాచెల్లెళ్ళతో ముందే కూర్చుని మాట్లాడి వాళ్ళను దస్తావేజులో పెట్టుకోండి, లేదా హక్కు విడుదల రాయించుకోండి. వాళ్ళ వాటా వాళ్ళకు ఇవ్వడం న్యాయం కూడా. ఊరు వదిలి వెళ్ళాక కోర్టు నోటీసు వస్తే వాయిదాలకు బెంగళూరు నుంచి తిరగాలి.

22-ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల జాబితాలో, మీ సర్వే నంబర్ ఉందో లేదో కూడా చూసుకోండి, ఊరి అంచున కొన్న స్థలాల్లో ఇళ్ళు కట్టుకున్నవాళ్ళు మరీ ముఖ్యంగా. ఇంటి పన్ను, నీటి పన్ను, కరెంటు బిల్లు బాకీ లేకుండా కట్టి రసీదులు ఒకే కవర్‌లో పెట్టండి. ప్లాన్ లేకుండా పైన గదులు వేసి ఉంటే ఆ మాట మొదటి రోజే చెప్పేయండి, బ్యాంకు వాల్యుయేషన్‌లో ఎలాగూ బయటపడుతుంది.

ఎప్పుడు, ఎంతకు, ఎలా

మాఘంలో అమ్మకానికి పెట్టండి. పుష్యంలో, ఆషాఢంలో మంచి పార్టీ దొరికినా అడ్వాన్స్ ఇవ్వడానికి ముందుకు రారు. మాఘంలో చెప్తే, బేరం కుదిరి, వైశాఖం లోపు రిజిస్ట్రేషన్ అయిపోయే వీలుంటుంది, పిల్లల స్కూలు తెరిచేలోపు మీరూ వెళ్ళిపోవచ్చు. కర్ణాటకలో బడులు మనకంటే కాస్త ముందే తెరుస్తారు, ఆ లెక్క గుర్తుంచుకోండి.

ధర విషయంలో బ్రోకర్ చెప్పే మాట ఒక్కటే నమ్మొద్దు. మీ వీధిలోనో పక్క వీధిలోనో ఈ ఏడాదిలో అమ్ముడుపోయిన ఇల్లు ఏదో చూడండి. సాయినగర్ రేటు పట్టుకొచ్చి పాతూరు ఇంటికి అడిగితే నెలలు గడిచిపోతాయి. పార్టీకి మాత్రం మీరు ఎప్పుడు వెళ్ళిపోతున్నారో చెప్పకండి. వచ్చే నెలలో సామాను ఎత్తేస్తున్నాం అని తెలిసిన మరుక్షణం రేటు పడిపోతుంది. అద్దిల్లు ముందు చూసుకోండి అని నేను అంటున్నది ఇందుకే, తలదాచుకునే చోటు దొరికిందంటే బేరంలో మీ గొంతు మారుతుంది.

అగ్రిమెంట్‌లో అడ్వాన్స్ ఎంత, గడువు ఎంత అని రాస్తారు, కానీ చాలామంది వదిలేసేది స్వాధీనం తేదీ. రిజిస్ట్రేషన్ అయిన రోజే తాళాలు ఇచ్చేయాలని ఎక్కడా లేదు. ఇద్దరూ ఒప్పుకుంటే, రిజిస్ట్రేషన్ తర్వాత నెలో రెండు నెలలో అదే ఇంట్లో అద్దె కట్టి ఉంటామని, ఫలానా తేదీకి ఖాళీ చేస్తామని, అంతవరకు అమ్మకం సొమ్ములో కొంత వాళ్ళ దగ్గరే ఉంచుతామని రాసుకోవచ్చు. పరీక్షలు రాస్తున్న పిల్లలున్న ఇంటికి ఇంతకంటే మంచి తాత్కాలిక ఇల్లు లేదు, పడకలు కూడా కదపక్కర్లేదు. నోటిమాటగా మాత్రం వద్దు, కాగితం మీద ఉండాలి.

డబ్బు మొత్తం బ్యాంకు ద్వారానే తీసుకోండి. ఏపీలో కొనేవాళ్ళకు స్టాంపు డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం ఏడున్నర శాతం పడుతుంది, అందుకే దస్తావేజులో తక్కువ చూపిద్దాం, మిగతాది చేతికిస్తాం అంటారు. ఒప్పుకోవద్దు. స్థిరాస్తి అమ్మకంలో 20,000 రూపాయలు గానీ అంతకు మించి గానీ నగదుగా తీసుకుంటే అంత మొత్తం పెనాల్టీ పడొచ్చు, పైగా రేపు బెంగళూరులో ఫ్లాట్ కొనేటప్పుడు ఆ నోట్ల కట్టలు ఏ బ్యాంకుకూ చూపించలేరు. ధర 50 లక్షలు గానీ ఆ పైన గానీ అయితే కొనేవాళ్ళు 1 శాతం టీడీఎస్ (ముందుగానే కోసే ఆదాయపన్ను) పట్టుకుని మీ పాన్ మీద కట్టాలి, కట్టారో లేదో మీరే చూసుకోండి. డీడీ చేతికి వచ్చాక, దాని నంబర్ దస్తావేజులో ఎక్కాకే సంతకం, వేలిముద్ర. ఒరిజినల్స్ ఇచ్చేసే ముందు మీరు ఆ ఇల్లు కొన్నప్పటి దస్తావేజు, కట్టిన ఖర్చుల బిల్లులు అన్నీ పేజీ పేజీ స్కాన్ చేసుకోండి. పన్ను లెక్కకు మీ కొనుగోలు ధర చూపాల్సింది మీరే, ఆ కాగితం అప్పటికి మీ దగ్గర ఉండదు.

రిజిస్ట్రేషన్‌లోపే వెళ్ళిపోక తప్పకపోతే జీపీఏ, అంటే మీ తరఫున సంతకం పెట్టే అధికార పత్రం, ఇవ్వొచ్చు. సొంత మనిషికి మాత్రమే, ఈ ఒక్క ఇంటికి మాత్రమే అని రాసి ఇవ్వండి. బ్రోకర్‌కు జీపీఏ ఇవ్వడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

బెంగళూరులో కొన్నాళ్ళు

ఉద్యోగం ఒక్కరిదే అయితే ముందు వాళ్ళు ఒక్కరూ పీజీలో చేరి నెలపాటు ఊరు చూడనివ్వండి, కుటుంబం ఇక్కడే ఉంటుంది. కంపెనీ గెస్ట్‌హౌస్ ఇస్తే ఇంకా మంచిది. అందరూ ఒకేసారి వెళ్ళాల్సి వస్తే సర్వీస్ అపార్ట్‌మెంట్‌లో రెండు వారాలు ఉండి ఇల్లు వెతకండి, ఖర్చు ఎక్కువే, కానీ ఫోటోలు చూసి అడ్వాన్స్ పంపేసి మోసపోవడం కంటే తక్కువే అవుతుంది. ఇల్లు కళ్ళతో చూడకుండా టోకెన్ అని ఒక్క రూపాయి కూడా వేయొద్దు. నెలకోసారి అనంతపురం వచ్చిపోయే పని ఉన్నవాళ్ళు యలహంక, హెబ్బాళ్ వైపు చూస్తే హైవే ఎక్కడం సులువు. మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్‌లో తెలుగువాళ్ళు ఎక్కువే, కానీ అక్కడినుంచి హెబ్బాళ్ చేరేసరికే సగం ఓపిక అయిపోతుంది.

అక్కడి పద్ధతులు కొన్ని మనకు కొత్త. అడ్వాన్స్ ఒకప్పుడు పది నెలల అద్దె అడిగేవాళ్ళు, ఇప్పుడు చాలాచోట్ల తగ్గింది, గట్టిగా బేరం ఆడండి. ఈ డబ్బు అమ్మకం సొమ్ములోంచి వస్తుందిలే అనుకోకుండా ముందే వేరుగా పెట్టుకోవాలి. అగ్రిమెంట్ 11 నెలలకు రాస్తారు. అందులో మీరు ఖాళీ చేస్తే ఎన్ని నెలల నోటీసు, లాక్-ఇన్ (ఇన్ని నెలల్లోపు ఖాళీ చేయకూడదనే షరతు) ఉందా, పెయింటింగ్‌కి ఎంత కోస్తారు, మెయింటెనెన్స్ ఎవరిది అన్నవి చదవండి. నీళ్ళ సంగతి తప్పక అడగండి, కావేరి కనెక్షన్ ఉందా, బోరు మీదా, ట్యాంకర్ మీదా, ట్యాంకర్ అయితే డబ్బు ఎవరు కడతారు అని. అనంతపురంలో పెరిగినవాళ్ళకు నీళ్ళ గురించి వేరే చెప్పక్కర్లేదు. పాలు పొంగించే రోజునే ప్రతి గోడ, కుళాయి, బాత్రూమ్ టైల్స్, కరెంటు మీటర్ రీడింగ్ ఫోన్‌లో వీడియో తీసి ఓనర్‌కు వాట్సాప్ చేయండి. ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్స్‌లో కోతలు పెట్టే మాట వస్తే ఆ వీడియోనే మీకు సాక్ష్యం.

లీజుకు ఇస్తాం అనే ఇళ్ళు కూడా ఉంటాయి. పది, ఇరవై లక్షలు ఒకేసారి ఇస్తే రెండు మూడేళ్ళు అద్దె లేకుండా ఉండొచ్చు, పోయేటప్పుడు డబ్బు మొత్తం తిరిగి ఇస్తారు. ఇల్లు అమ్మిన డబ్బు చేతిలో ఉన్నప్పుడు ఇది చాలా ఆకర్షణగా కనిపిస్తుంది. నా సలహా, వద్దు. ఆ ఓనర్‌కి బ్యాంకు లోన్ ఉండి కిస్తీలు ఆగిపోతే ఇల్లు వేలానికి పోతుంది, మీ లక్షలు దానికింద ఇరుక్కుంటాయి. మధ్యవర్తి కంపెనీకి డబ్బు కట్టే లీజు అయితే ఇంకా ప్రమాదం. కాదు కూడదు అంటే ఈ ఇంటి ఈసీ కూడా తీయించి, లీజు పత్రం రిజిస్టర్ చేయించుకున్నాకే ఇవ్వండి.

సొంతిల్లు కొనడానికి తొందరెందుకు పడొద్దంటున్నానంటే, ఆదాయపన్ను చట్టమే మీకు టైమ్ ఇచ్చింది. 24 నెలలకు మించి మీ పేరున ఉన్న ఇల్లు అమ్మితే వచ్చిన లాభం మీద 12.5 శాతం పన్ను. 2024 జూలై 23కు ముందు కొన్న ఇల్లయితే ఇండెక్సేషన్‌తో, అంటే కొన్న ధరను ధరల పెరుగుదల మేరకు పెంచి, 20 శాతం లెక్క కూడా వేసి ఏది తక్కువైతే అది కట్టొచ్చు. ఆ లాభంతో రెండేళ్ళ లోపు ఇంకో ఇల్లు కొన్నా, మూడేళ్ళ లోపు కట్టుకున్నా ఆ మేరకు పన్ను మినహాయింపు ఉంది. రిటర్న్ వేసే గడువు నాటికి ఇల్లు కొనకపోతే లాభం సొమ్మును బ్యాంకులో దీనికోసమే ఉండే క్యాపిటల్ గెయిన్స్ ఖాతాలో వేయాలి, చాలామంది పోగొట్టుకునేది ఈ ఒక్క మెలిక దగ్గరే. కాబట్టి ఏడాది అద్దెకు ఉండండి. స్కూలు ఎంత దూరం, ఆఫీసుకు ఎంతసేపు, వాన పడితే ఆ రోడ్డు ఎలా ఉంటుంది, ఇవన్నీ ఉండి చూస్తేనే తెలుస్తాయి. అమ్మకానికి ముందే ఒక ఆడిటర్‌తో గంట కూర్చుని లెక్క వేయించుకోండి.

మిగతా చిల్లర పనులు

గ్యాస్ ఏజెన్సీలో సిలిండర్, రెగ్యులేటర్ అప్పజెప్పి ట్రాన్స్‌ఫర్ కాగితం తీసుకోండి. పిల్లల టీసీతోపాటు మార్కుల కాగితాలు కూడా అడిగి తీసుకోండి. అక్కడ బడుల్లో కన్నడ తప్పనిసరి, వేసవిలోనే అక్షరాలు మొదలుపెట్టిస్తే పిల్లలు బెదరరు. ఆధార్ చిరునామా మార్పుకు అద్దె అగ్రిమెంట్ పనికొస్తుంది, ఓటు మార్పుకు ఫారం 8. సామాను లోడ్ చేసేటప్పుడు లెక్క రాసి డ్రైవర్‌తో సంతకం పెట్టించుకోండి, మొత్తం బాడుగ ముందే ఇవ్వకండి. బంగారం, దస్తావేజులు, చెక్‌బుక్కులు మీ బ్యాగులోనే రావాలి.

ఏపీ బండిని కర్ణాటకలో 12 నెలలకు మించి తిప్పేటట్టయితే అక్కడ మళ్ళీ రిజిస్టర్ చేయించి రోడ్ ట్యాక్స్ కట్టాలి, దానికి ఇక్కడి ఆర్టీఓ ఎన్‌ఓసీ కావాలి. పాత కారైతే ఆ ట్యాక్స్ లెక్క ముందే వేసుకోండి, ఒక్కోసారి ఇక్కడే అమ్మేసి వెళ్ళడం మేలు అవుతుంది.