ఎర్ర చెలకలో లూసర్న్ వేస్తున్నారా? యూరియా కంటే ముందు వేరు చూడండి

అల్ఫాల్ఫా అని వీడియోల్లో చెప్పేదీ, మన విత్తనాల షాపులో లూసర్న్ అని ఇచ్చేదీ ఒకటే. నాలుగు బర్రెలున్న ఇంటికి, నీళ్ళు పారే పది గుంటలుంటే చాలు, దీన్ని వేసుకోమని నేను అందరికీ చెప్తాను. ఎండు బరువు లెక్కన 18 నుంచి 20 శాతం మాంసకృత్తులుండే మేత ఇది. ఒకసారి కుదురుకుంటే రెండు మూడేళ్ళు కోసుకుంటూనే ఉండొచ్చు. కానీ మన నల్గొండ, పాలమూరు వైపు చాలామంది దీన్ని ఒక ఏడాదికే దున్నేస్తున్నారు, "మా నేలకు పడలేదు" అంటున్నారు. నేల తప్పు చాలాసార్లు ఉండదు. భూమి లోపల ఏం జరుగుతుందో చూడకుండా పైన ఆకు రంగు చూసి మందు వేయడమే అసలు సమస్య.

నేనూ అదే చేశాను. మొదటి ఏడాది మొలక బాగానే వచ్చింది, నెల తిరిగేసరికి మొత్తం పాలిపోయింది, టెన్షన్‌తో యూరియా చల్లాను, వారం పచ్చబడి మళ్ళీ పసుపు. ఒక్క మూల మాత్రం ఏమీ వేయకపోయినా ముదురు పచ్చగా ఏపుగా ఉంది. అక్కడ అంతకుముందు రెండేళ్ళు మా అమ్మ మెంతికూర మడి కట్టేది. ఆ మూలలో ఒక మొక్క, పాలిపోయిన చోట ఒక మొక్క తవ్వి పక్కపక్కన పెట్టి చూస్తే విషయం తెలిసిపోయింది. మెంతి మడి మొక్క వేరుకు బుడిపెలున్నాయి, రెండోదానికి ఒక్కటీ లేదు.

ఎందుకంటే గాలిలో నత్రజనిని పట్టి మొక్కకిచ్చే రైజోబియం బ్యాక్టీరియా అన్ని పప్పుజాతి మొక్కలకూ ఒకటే కాదు. మన చెలకల్లో పల్లీ, కంది, పెసర ఏళ్ళుగా వేస్తున్నాం కాబట్టి వాటికి సరిపడే బ్యాక్టీరియా నేలలో ఉంటుంది, అది లూసర్న్ వేరులోకి పోయి బుడిపె కట్టదు. లూసర్న్‌కూ మెంతికీ మాత్రం ఒకటే రకం పని చేస్తుంది. అందుకే మెంతి పండిన నేల ఉంటే అక్కడే మొదలుపెట్టండి, లేదంటే విత్తనానికి కల్చర్ (ఆ బ్యాక్టీరియా కలిపి ప్యాకెట్లలో అమ్మే పొడి) పట్టించకుండా అసలు వేయకండి. కొనేటప్పుడు "లూసర్న్ రైజోబియం" అనే అడగాలి, పల్లీ ప్యాకెట్ ఇస్తే తీసుకోవద్దు. కొంచెం బెల్లం నీళ్ళలో మరిగించి పూర్తిగా చల్లార్చి, 200 గ్రాముల ప్యాకెట్ అందులో కలిపి, 8 నుంచి 10 కిలోల విత్తనానికి పలుచగా పట్టించి నీడన ఆరబెట్టి అదే రోజు విత్తేయాలి. అవి బతికున్న జీవులు, ఎండలో పెట్టినా, శిలీంధ్రం మందుతో కలిపినా చచ్చిపోతాయి.

ఇప్పుడు నేల సంగతి. ఎర్ర చెలక లోతుగా ఉంటే దీనికి చక్కగా సరిపోతుంది. అడుగు లోతులో మొరం తగిలితే మాత్రం వద్దు. దీని తల్లివేరు అవకాశం ఇస్తే రెండు మీటర్లు దాటి దిగుతుంది, ఎండాకాలం దాని బలమంతా ఆ లోతులోనే ఉంటుంది. నల్ల రేగడిలో వేయొచ్చు కానీ నీళ్ళు నిలవకూడదు. బుడిపెల్లోని బ్యాక్టీరియాకు కూడా గాలి కావాలి. నీళ్ళు నిలిచిన చోట మొదట అవి పనాపేస్తాయి, తర్వాత వేరు కుళ్ళుతుంది. వానాకాలం ఒక మూల రెండు మూడు రోజులు నీళ్ళు నిలుస్తాయని తెలిస్తే ఆ మూల వదిలేయండి, లేదా ఎత్తు మడులు చేసి కాలువ తీయండి. ఉదజని సూచిక (pH) ఆరున్నర నుంచి ఏడున్నర మధ్య ఉంటే మంచిది.

నల్గొండ జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్ళున్న మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు వాళ్ళకు ఇంకో మాట. మట్టి పరీక్షతో పాటు బోరు నీళ్ళ పరీక్ష కూడా తప్పకుండా చేయించండి. ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్ళలో తరచుగా సోడియం, బైకార్బనేట్ ఎక్కువ, కాల్షియం తక్కువ ఉంటాయి. ఆ నీళ్ళు ఏళ్ళ తరబడి పారిస్తే నేల బిగుసుకుపోతుంది, కారు చౌడు తయారవుతుంది, వేరుకు గాలి ఆడదు. రిపోర్టులో ఆర్‌ఎస్‌సీ అని ఒక అంకె ఉంటుంది, కాల్షియం, మెగ్నీషియం కంటే కార్బనేట్, బైకార్బనేట్ ఎంత ఎక్కువున్నాయో చెప్పేది, అది 2.5 దాటితే ఆ నీళ్ళ మీద లూసర్న్ పెట్టుకోవద్దు. అంతకంటే తక్కువే ఉన్నా అనుమానంగా ఉంటే కంపసాగర్, పాలెం పరిశోధన కేంద్రాల్లో ఆ రిపోర్టు చూపించి జిప్సం ఎంత వేయాలో అడగండి. ఉప్పుకు లేత మొలకే ముందు దెబ్బతింటుంది, ముదిరిన మొక్క కొంత ఓర్చుకుంటుంది. అందుకని మొదటి నెల రోజులు దొరికినంతలో మంచి నీళ్ళే పారించండి.

విత్తడం తేలికే. అక్టోబర్, నవంబర్‌లో, నేలను మెత్తగా దున్ని, పది గుంటలకు రెండు నుంచి రెండున్నర కిలోల విత్తనం, సాలుకు సాలుకు అడుగు దూరం. గింజ సన్నం, ఒకటి రెండు సెంటీమీటర్ల కంటే లోతు పోతే రాదు. విత్తనంలో బంగారు తీగ (మొక్కల మీద అల్లుకుని వాటి సారం పీల్చే కలుపు) గింజలు లేకుండా నమ్మకమైన చోట కొనండి, అది ఒక్కసారి చేనులో చేరితే వదిలించుకోవడం చాలా కష్టం.

ఎరువుల్లో ముఖ్యమైనది భాస్వరం. పది గుంటలకు బాగా మాగిన పశువుల పెంట రెండు టన్నులు, సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ 60 కిలోల దాకా దుక్కిలో వేయండి. డీఏపీ కంటే ఇదే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే ఇందులో గంధకం, కాల్షియం కూడా ఉంటాయి, రెండూ ఈ పంటకు కావాలి. యూరియా విత్తేటప్పుడు ఐదు కిలోలు చాలు. ఆ తర్వాత వేసిన కొద్దీ మొక్క బుడిపెలు కట్టడం తగ్గిస్తుంది, నత్రజని నేలలో తేరగా దొరుకుతుంటే అది బ్యాక్టీరియాను పోషించదు. వేర్లతో కలిసి బతికే మంచి శిలీంధ్రం కూడా ఉంటుంది, సన్న వేరు అందుకోలేని దూరం నుంచి భాస్వరం తెచ్చిస్తుంది. భాస్వరం అతిగా వేస్తే అదీ తగ్గిపోతుంది. కాబట్టి పరీక్షలో ఇప్పటికే ఎక్కువుందని వస్తే మోతాదు తగ్గించండి.

మనవాళ్ళు అస్సలు పట్టించుకోనిది పొటాష్. ఐదు టన్నుల పచ్చిమేత కోశారంటే అందులో ఎండు మేత దాదాపు ఒక టన్ను, దానితో 20 కిలోలకు పైగా పొటాషియం చేను దాటి పోయినట్టే. కింది ఆకుల అంచుల వెంట తెల్లని చుక్కలు కనిపిస్తే అది పొటాష్ లోపం. పశువు తిన్న పొటాషియంలో ఎక్కువ భాగం మూత్రంలోనే బయటికి వస్తుంది. కొట్టం నుంచి మోరీలోకి పోయే ఆ నీళ్ళను ఒక గుంతలో పట్టి, నీళ్ళు కలిపి చేనుకు మళ్ళించండి. బస్తా కొనే ముందు ఇది చేయండి, దయచేసి.

ఐదారు వారాలకు మొక్కను చూడాలి. పీకితే బుడిపెలు మట్టిలోనే తెగిపోతాయి, గడ్డపారతో చుట్టూ మట్టి గడ్డతో సహా లేపి బకెట్ నీళ్ళలో నెమ్మదిగా కడగండి. పల్లీకి ఉన్నట్టు గుండ్రంగా ఉండవు, సన్న వేర్ల మీద చిన్న చిన్న వేళ్ళలా పొడుగ్గా ఉంటాయి. గోరుతో చీలిస్తే లోపల గులాబీ రంగుంటే పని నడుస్తోందని అర్థం. తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే నడవట్లేదు. చేనులో కనీసం ఐదు చోట్ల చూడండి, ఆ తర్వాతే ఏం వేయాలో నిర్ణయించండి.

కోత దగ్గరే ఎక్కువమంది చేనును పాడుచేసుకుంటారు. కోసిన మొక్కకు ఆకులుండవు కాబట్టి బ్యాక్టీరియాకు పంపడానికి చక్కెర ఉండదు, నత్రజని పట్టడం ఒక్కసారిగా పడిపోయి మళ్ళీ కోలుకోవడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఈలోపు కొత్త చిగురు వచ్చేది వేరులో దాచుకున్న పిండి పదార్థం మీదే. పశువులకు మేత లేదని పదిహేను రోజులకే కోస్తే ఆ నిల్వ నిండకముందే ఖర్చవుతుంది, అలా మూడుసార్లు చేస్తే చేను మధ్యలో ఖాళీలు పడతాయి. మొదటి కోత 60, 70 రోజులకు, తర్వాత 25 నుంచి 30 రోజులకు, పది మొక్కల్లో ఒకటి పూతకొచ్చినప్పుడు. నేలకు నాలుగు వేళ్ళ ఎత్తు వదిలి కోయండి. పది గుంటలను నాలుగు మడులుగా చేసుకుని వారానికొకటి కోసుకుంటూ పోతే తొందరపడే అవసరమే రాదు.

ఏప్రిల్, మే నెలల్లో మన ఎండకు పెరుగుదల ఆగినట్టు కనిపిస్తే కంగారుపడకండి. మొక్క పైన తగ్గించుకుని వేరు దగ్గర బతుకుతుంది, వాన పడితే మళ్ళీ లేస్తుంది. బోరు తక్కువ పోస్తుంటే రోజూ కొంచెం చిలకరించకుండా, వారం పది రోజులకొకసారి లోతుగా తడపండి, వేరు కిందికి వెతుక్కుంటూ పోతుంది. వడలిన చేనును కోయొద్దు.

పచ్చి లూసర్న్‌ను ఖాళీ కడుపుతో ఉన్న పశువుకు ఒక్కటే మేపొద్దు, కడుపు ఉబ్బి ప్రాణం మీదకు వస్తుంది. ముందు వరిగడ్డో జొన్న చొప్పో పెట్టి, కోసిన మేతను కొన్ని గంటలు వాడబెట్టి కలిపి వేయండి.

మూడేళ్ళకు చేను పలచబడితే ఖాళీల్లో మళ్ళీ లూసర్న్ గింజలే చల్లుతుంటారు కొందరు, అవి నిలవవు. ముదురు మొక్కలు వదిలే పదార్థాలు తమ జాతి లేత మొలకలనే ఎదగనివ్వవు. మొత్తం దున్నేసి కనీసం ఒక ఏడాది జొన్నో మక్కో వేయండి. కుళ్ళే వేర్ల నత్రజని వాటికి అందుతుంది, ఆ పంటకు యూరియా మోతాదు బాగా తగ్గించుకోవచ్చు. ఆ ఏడాది లూసర్న్‌ను పక్క మడిలో వేసుకోండి, వీలైతే ఒక కారు మెంతికూర పండించాక.